పులి–మేకలో పరీక్ష ఏది, అడ్డంకి ఏది?

రాయలసీమ ఊళ్లలో పాత గుడి మంటపాల బండల మీద పులి–మేక గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పైన ఒక కొన, అక్కడి నుంచి కిందికి జారే నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోసే మూడు గీతలు, అడుగున ఇంకొకటి. చోటును బట్టి పటం కాస్త మారుతుంది గానీ, ఎక్కువగా కనిపించే పటంలో 23 కూడళ్లు ఉంటాయి. మూడు పులులు (రాళ్లు), పదిహేను మేకలు (చింతపిక్కలు). పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలన్నీ కూడి పులిని కదలకుండా కట్టేస్తాయి. ఈ ఆట పెట్టే పరీక్ష ఒక్కటే, ఎదుటివాళ్లు వేయబోయే ఎత్తును ముందే పసిగట్టడం. చింతపిక్కను రెండు వేళ్లతో పట్టుకోవడం ఆ పరీక్షలో భాగం కాదు. చేయి వణికే పెద్దాయన "మూడో వరుసలో రెండోదాన్ని పక్కకు జరపరా" అంటే పక్కనున్న పిల్లోడు జరుపుతాడు. చూపు లేని మనిషి వేలితో గీతలు తడుముకుంటూ, ఏ కూడలిలో రాయి ఉందో, ఎక్కడ చింతపిక్క ఉందో తెలుసుకుని ఆడతాడు. ఆట విలువ ఏమీ తగ్గదు.

అదే ఆటను ఫోన్‌లోకి ఎక్కిస్తే ఈ వెసులుబాటంతా ఒక్కసారిగా పోతుంది. గాజు తెర మీద తడమడానికి గీత లేదు. పిక్కను వేలితో లాగి సరిగ్గా కూడలి మీద వదలాలి, కాస్త తప్పితే అది వెనక్కి వెళ్లిపోతుంది. ఎర్ర చుక్క పులి, ఆకుపచ్చ చుక్క మేక. ఎత్తు వేయడానికి పదిహేను సెకన్ల గడియారం. వీటిలో ఏ ఒక్కటీ పులి–మేక అడిగింది కాదు, తయారుచేసినవాళ్లు ఆలోచించకుండా చేర్చినవి. వీడియో గేములను దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలంటే మొదట విడదీయాల్సింది ఈ రెంటినే. ఆట నిజంగా పెట్టే పరీక్ష ఏది, దారిలో అనుకోకుండా పడిన అడ్డంకి ఏది? పరీక్షను ముట్టుకోనక్కర్లేదు. అడ్డంకిని తీసేయాలి, లేదా దాని పక్కనుంచి ఇంకో దారి వేయాలి. బండ దగ్గర పక్కనున్న పిల్లోడు చేసిన పనిని ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేయాలి.

కర్నూలు ట్రిపుల్‌ఐటీడీఎంలోనో, అనంతపురం జేఎన్‌టీయూలోనో, ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీలోనో చివరి ఏడాది ప్రాజెక్టుగా గేము చేయాలనుకునే విద్యార్థులకు పులి–మేక కంటే మంచి ఆట దొరకదు. నియమాలు చిన్నవి, వేగంతో పనిలేదు, వైకల్యం ఉన్నవారికి అనువుగా మలచడంలో వచ్చే ప్రశ్నల్లో చాలావరకు దీంట్లోనే ఎదురవుతాయి. అందుకే ఇక్కడి వివరణంతా ఈ ఆటనే పట్టుకుని సాగుతుంది.

ఫోన్‌కు కనిపించని బటన్లు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సాయం చేసే సాధనాలు ఉచితంగానే ఉన్నాయి. చూపు లేనివారికి తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్, చేతులతో తెరను తాకలేనివారికి బయటి బటన్‌తో ఫోన్ నడిపే స్విచ్ యాక్సెస్, రంగులు వేరుచేసి చూడలేనివారికి కలర్ కరెక్షన్. మామూలు యాప్‌లలో ఇవి బాగానే పనిచేస్తాయి. గేము తెరవగానే టాక్‌బ్యాక్ మూగబోతుంది.

కారణం ఇది. మామూలు యాప్‌లో ప్రతి బటన్ గురించీ ఫోన్‌కు తెలుసు. దాని పేరేమిటి, ఎక్కడుంది, నొక్కవచ్చా లేదా అన్న జాబితా ఒకటి సిస్టమ్ దగ్గర ఉంటుంది. టాక్‌బ్యాక్ చదివేది ఆ జాబితానే, తెరను కాదు. గేము ఇంజిన్ (గేములను తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం తెర మొత్తాన్ని ఒకే బొమ్మగా తానే గీస్తుంది. అందులోని "మొదలుపెట్టు" బటన్ మన కంటికి బటన్, ఫోన్‌కు కొన్ని రంగు చుక్కలు. స్విచ్ యాక్సెస్‌కూ అదే గతి. బటన్లు దొరక్క, తెర మీద అడ్డగీత నిలువుగీత కదిలిస్తూ అవి కలిసే చోటును ఎంచుకునే పద్ధతికి దిగాల్సి వస్తుంది. పనవుతుంది గానీ ఒక్కో నొక్కుకు ఓపిక ఇంకిపోతుంది.

దీనికి రెండు దారులు. మొదటిది, ఆ జాబితాను గేమే సిస్టమ్‌కు అందించడం. యూనిటీ అనే ఇంజిన్‌లో 2023.2 వెర్షన్ నుంచి టాక్‌బ్యాక్ లాంటి మొబైల్ స్క్రీన్ రీడర్లకు ఈ ఏర్పాటు వచ్చింది. గోడో అనే ఇంజిన్‌లో 4.5 వెర్షన్‌తో కంప్యూటర్ల స్క్రీన్ రీడర్లకు వచ్చింది. మెనూలకు, సెట్టింగులకు ఇదే సరైన దారి. రెండోది, గేము తానే మాట్లాడటం. గోడో 4లో టెక్స్ట్ టు స్పీచ్ (అక్షరాన్ని మాటగా పలికే ఏర్పాటు) ఇంజిన్‌లోనే ఉంది, కానీ ప్రాజెక్టు సెట్టింగుల్లో ఆడియో కింద దాన్ని ఆన్ చేయాలి. అది మరిచిపోతే కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా గొంతు రాదు. ఇంకో ఇబ్బంది, ఫోన్‌లో తెలుగు గొంతు డేటా దిగి ఉండకపోవచ్చు. అప్పుడు కొన్ని ఫోన్లు నిశ్శబ్దంగా ఊరుకుంటాయి. గేము మొదలవగానే తెలుగు గొంతు ఉందో లేదో కోడ్‌లోనే చూసుకుని, లేకపోతే ముందే రికార్డు చేసిన ఒక వాక్యంతో ఆ సంగతి చెప్పాలి.

పులి–మేకకైతే గొంతు మొత్తం మనుషులతోనే రికార్డు చేయించుకోవచ్చు. వరుసల పేర్లు ఐదు, వరుసలో స్థానాలు ఆరు, "పులి", "మేక", "ఖాళీ", "దూకవచ్చు", "నీ వంతు", "మేక చచ్చింది" లాంటివి ఇంకో ఇరవై ముప్పై. నలభై ముక్కలకు అటూఇటూ. సీమ యాసలో ఒక అవ్వ గొంతుతో రికార్డు చేస్తే ఆ గేముకు వచ్చే అందం ఏ యంత్రం గొంతుకూ రాదు. ఒక జాగ్రత్త, ప్రతి ముక్క మొదట్లోనూ చివర్లోనూ ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించాలి. లేకపోతే "మూడో వరుస, రెండో కూడలి, పులి" అన్నది అతుకుల బొంతలా వినిపిస్తుంది. టాక్‌బ్యాక్ అలవాటున్నవారు మాటను చాలా వేగంగా వింటారు కాబట్టి రికార్డుకు కూడా వేగం పెంచుకునే సెట్టింగు ఉండాలి.

తానే మాట్లాడే గేములో ఇంకో చిక్కుంది. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే తెర మీద వేలి కదలికలను ముందు అదే అందుకుంటుంది, గేము దాకా రానివ్వదు. ఆపమంటే చాలామందికి భయం. గేము మధ్యలో మూసుకుపోతే ఫోన్ మూగదైపోతుంది మరి. రెండు వాల్యూమ్ బటన్లను కలిపి మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ ఆగేలా, మళ్లీ వచ్చేలా షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. ఆ సంగతి గేము మొదటి నిమిషంలోనే గొంతుతో చెప్పాలి. సహాయం పేజీలో అక్షరాలుగా రాసి పెడితే ఎవరికి అవసరమో వాళ్లకే అందదు.

ఒక్క బటన్ చాలు, లెక్క సరిగ్గా ఉంటే

తల పక్కకు వంచడమో, మోకాలితో నెట్టడమో, ఒక వేలిని కదపడమో తప్ప మరే కదలికా అదుపులో లేనివారు ఒక్క బటన్‌తో ఫోన్ నడుపుతారు. తెర మీద వెలుగు ఒక్కో చోటి నుంచి ఇంకో చోటికి దానంతటదే జరుగుతుంటుంది. కావాల్సిన చోటికి రాగానే బటన్ నొక్కాలి. దీన్నే స్కానింగ్ అంటారు.

పులి–మేక పటంలో 23 కూడళ్ల మీదా వరుసగా సెకనుకు ఒకటి చొప్పున వెలుగు తిరిగితే చివరి కూడలికి 23 సెకన్లు పడుతుంది, సగటున 12. మేకలు పదిహేను దింపాలి, ఆ తర్వాత కదపాలి. ఆట ముగిసేలోపు మనిషి అలసిపోతాడు. ముందు వరుసను ఎంచుకుని తర్వాత ఆ వరుసలో కూడలిని ఎంచుకునేలా చేస్తే లెక్క మారిపోతుంది. కొనలో ఒకటి, తర్వాతి మూడు వరుసల్లో ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం ఐదు వరుసలు. ఇప్పుడు ఎంత దూరపు కూడలికైనా 10 సెకన్లు మించవు, సగటు ఆరున్నర.

ఇంకా తగ్గించవచ్చు. ఈ పటంలో ఏ కూడలి నుంచైనా నాలుగు దారులకు మించి లేవు. ఒక దారిలో పులి చేయగలిగింది పక్క కూడలికి జరగడమో, అక్కడున్న మేక మీదుగా దూకడమో, రెంటిలో ఒకటే. అంటే పులి వంతు వచ్చినప్పుడు ముందు మూడు పులుల్లో ఒకదాన్ని, తర్వాత దాని నాలుగు దారుల్లో ఒకదాన్ని ఎంచుకుంటే చాలు. ఎక్కువలో ఎక్కువ 7 సెకన్లు. కదల్లేని పులినీ, మూసుకుపోయిన దారినీ స్కానింగ్‌లోంచి తీసేస్తే అదీ పట్టదు. నియమాలు తెలిసిన గేముకు ఏ ఎత్తు కుదురుతుందో ఎలాగూ తెలుసు. ఆ తెలివిని ఎత్తు వేశాక "తప్పు" అని చెప్పడానికి వాడే బదులు, ముందే దారి చూపడానికి వాడాలి.

స్కానింగ్ చెడేది చిన్నచిన్న చోట్ల. వేగం ఒకటే పెట్టి వదిలేయడం మొదటి తప్పు. కొత్తవారికి అడుగుకు ఒకటిన్నర రెండు సెకన్లు ఇచ్చి మొదలుపెట్టాలి, అర సెకను దాకా తగ్గించుకునే వీలుండాలి. ప్రతి వరుసలో మొదటి కూడలికి కాస్త అదనపు సమయం కావాలి, ఎందుకంటే బటన్ నొక్కిన చేయి ఇంకా పైకి లేవకముందే వెలుగు దాని మీదికి వచ్చేస్తుంది. వరుసను పొరపాటున ఎంచుకుంటే బయటికి వచ్చే దారి ఉండాలి. వెలుగు రెండుసార్లు తిరిగినా నొక్కకపోతే దానంతటదే పై మెట్టుకు వెళ్లిపోతే సరిపోతుంది. వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే బటన్ కూడా తప్పనిసరి, కనీసం ఫోన్‌తో ఆడేటప్పుడైనా.

సమయానికి నొక్కడమే కష్టమైనవారికి స్వయంగా తిరిగే స్కానింగ్ అసలు పనికిరాదు. వారికి రెండు బటన్లు ఇవ్వాలి, ఒకటి ముందుకు జరపడానికి, రెండోది ఎంచుకోవడానికి. నొక్కులు ఎక్కువే, కానీ ఆదుర్దా ఉండదు. ఈ రెండు పద్ధతుల్లో ఏది మంచిదని అడగడంలో అర్థం లేదు, రెండూ ఉండాలి. లోపల ఎత్తు వేసే కోడ్ ఒక్కటే. దాన్ని పిలిచేది వేలా, బటనా, కీబోర్డా అన్నది వేరు సంగతి. "స్పేస్ నొక్కితే ఇది చెయ్" అని కోడ్‌లో నేరుగా రాసేయకుండా "ఎంపిక", "ముందుకు", "వెనక్కి" అని పనులకు పేర్లు పెట్టి, ఏ కీ ఏ పనికో ఆడేవారు మార్చుకునేలా వదిలితే మూడొంతుల పని అక్కడే తీరిపోతుంది. ఇది మొదటి వారంలో చేస్తే అరపూట పని. గేమంతా అయ్యాక మార్చబోతే కోడ్ మొత్తం తిరగరాయాలి.

బటన్ తయారీ, కడప బండ

మైక్రోసాఫ్ట్ 2018 సెప్టెంబరులో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ ఈ రంగంలో పెద్ద మలుపు. రెండు పెద్ద బటన్లు, వెనక 19 చోట్ల 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు, పక్కల రెండు యూఎస్‌బీ పోర్టులు. ఏ జాక్‌లో ఏ బటన్ గుచ్చుకోవాలో మనిషి శరీరాన్ని బట్టి అమర్చుకోవచ్చు. వచ్చినప్పుడు అమెరికాలో ధర 99.99 డాలర్లు. సోనీ 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ 5కు యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. రెండూ మంచి పరికరాలే. కానీ జాక్‌లలో గుచ్చే బటన్లు వేరుగా కొనాలి. మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్‌లో. అందుకని చేత్తో కట్టుకునే బటన్ గురించి తెలిసి ఉండటం మేలు.

కావాల్సింది ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న బోర్డు. ప్రో మైక్రో, లియోనార్డో అనే పేర్లతో దొరుకుతుంది. కాలేజీ ల్యాబుల్లో విరివిగా ఉండే యూనో ఆర్3 బోర్డు దీనికి పనికిరాదు. అందులో ప్రధాన చిప్‌కు నేరుగా యూఎస్‌బీ లేదు, కాబట్టి అది ఫోన్‌కు కీబోర్డులా కనిపించలేదు. 32యూ4 బోర్డును ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాలను తగిలించే కేబుల్) కలిపితే ఫోన్ దాన్ని కీబోర్డు అనే అనుకుంటుంది.

బటన్ అడుగున మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లుంటాయి. కామన్ అని రాసినదాన్ని బోర్డు గ్రౌండ్‌కు, ఎన్‌ఓ అని రాసినదాన్ని బోర్డు మీద 2 అని రాసిన పిన్‌కు కలపాలి. మూడోదైన ఎన్‌సీకి కలిపితే పని తలకిందులవుతుంది, ముట్టుకోకుండానే నొక్కినట్టు, నొక్కితే వదిలినట్టు. కోడ్‌లో పిన్‌ను ఇన్‌పుట్ పులప్‌గా పెడితే బయట రెసిస్టర్ అక్కర్లేదు. నొక్కినప్పుడు విలువ సున్నా వస్తుంది, ఒకటి కాదు. మైక్రోస్విచ్ లోపలి రేకు నొక్కగానే కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, అందుకని 20 మిల్లీసెకన్ల లోపు వచ్చే రెండో నొక్కును లెక్కలోకి తీసుకోకూడదు. చేయి వణికేవారికి అది చాలదు. వారికి 300 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, అనుకోని నొక్కులు ఆగేదాకా పెంచుకుంటూ పోవాలి. బటన్‌కూ బోర్డుకూ మధ్య 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్ పెడితే రేపు వేరే బటన్ మార్చుకోవడం సులువు.

కట్టాక ఫోన్‌లో ఏమీ జరగకపోతే ముందు కోడ్‌ను అనుమానించకూడదు. ముందు కేబుల్ చూడాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో ఓటీజీ చూడాలి. కొన్ని ఫోన్లలో దాన్ని చేత్తో ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది. బటన్ ఒకసారి నొక్కితే అక్షరం ఆగకుండా పడుతూ ఉంటే, కోడ్‌లో కీని నొక్కారు గానీ వదిలే ఆదేశం రాయలేదని అర్థం.

బటన్ ఎంపికలో చాలామంది పొరబడేది బలం విషయంలో. పెద్ద ఆర్కేడ్ బటన్ అందరికీ సరిపోతుందనుకుంటారు. కండరాలు క్షీణించే జబ్బున్నవారికి సాధారణంగా కదలిక కచ్చితంగానే ఉంటుంది, బలమే ఉండదు. వారికి చిన్న కదలికతో, ఈక తాకినట్టు తాకితే పనిచేసే పొడుగు లీవరు మైక్రోస్విచ్ కావాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామందికి బలం ఉంటుంది, చేయి అనుకున్న చోట పడదు. వారికి అరచేతంత వెడల్పు, దెబ్బను ఓర్చుకునే గట్టి బటన్ కావాలి. ఒకరికి పెట్టింది ఇంకొకరికి ఇస్తే ఇద్దరూ ఆడలేరు.

దెబ్బ గట్టిగా పడినప్పుడు బటన్ జారిపోవడం ఇంకో తలనొప్పి. చెక్క మీద బిగించినా చెక్కతో సహా జారుతుంది. దీనికి మన ప్రాంతంలో చేతికందే పరిష్కారం కడప బండ. బండల ఫ్యాక్టరీ దగ్గర పడి ఉండే తుండు ముక్క, 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 2 మందం ఉంటే మూడు కిలోలకు పైనే తూగుతుంది. అంచులను, మూలలను రాపిడి చేయించాలి, లేకపోతే చేయి గీసుకుపోతుంది. అడుగున పాత సైకిల్ ట్యూబును కోసి అంటిస్తే నేల మీద పట్టు ఉంటుంది. పైన వెల్క్రో అంటించేముందు బండ దుమ్మును స్పిరిట్‌తో తుడవాలి, పాలిష్ చేసిన వైపే అంటించాలి. గరుకు వైపు జిగురు రెండు రోజుల్లో ఊడుతుంది. వెల్క్రో ఎందుకంటే, బటన్‌ను అంగుళం అటూఇటూ జరపడంలోనే సగం విజయం ఉంది. మేకుతో బిగిస్తే ఆ వీలు పోతుంది.

ఏ కదలికను వాడుకోవాలో తేల్చడానికి మండల కేంద్రాల్లో దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలకు వచ్చే ఫిజియోథెరపిస్టును అడగడం మంచిది. పరీక్ష సులువే. ఎంచుకున్న కదలికతో "ఇప్పుడు" అన్నప్పుడల్లా నొక్కమని ఇరవైసార్లు చెప్పాలి. పద్దెనిమిదిసార్లు పడితే ఆ చోటు సరైనదే. నొక్కగలగడంతో పాటు వదలగలగడం కూడా చూడాలి. కండరం బిగుసుకుపోయి చేయి బటన్ మీదే ఉండిపోయేవారికి వేరే చోటు వెతకాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ ఇరవైసార్లు చూడాలి, అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది.

తెలుగు అక్షరం

మైక్రోసాఫ్ట్ 2020లో మొదట ప్రచురించిన ఎక్స్‌బాక్స్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 1080పీ తెర మీద టీవీలో 26, కంప్యూటర్‌లో 18 పిక్సెళ్లకు తగ్గకుండా అక్షరం ఉండాలంటాయి. అది ఇంగ్లిష్ అక్షరాన్ని మనసులో పెట్టుకుని చెప్పిన కొలత. తెలుగుకు చాలదు. డ–ఢ, ద–ధ, చ–ఛ తేడా అడుగున ఉండే ఒక చిన్న నిలువు గీత. థ–ధ తేడా పొట్టలో ఒక చుక్క. అక్షరం చిన్నదైతే ముందు పోయేవి ఇవే, మసక చూపున్నవారికి ఆ రెండక్షరాలూ ఒకటైపోతాయి. ఆ పైన గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. ఇంగ్లిష్‌కు పెట్టిన ఎడంలోనే తెలుగు పోస్తే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుకుంటాయి. మూడోవంతు పెద్దగా పెట్టి, రెండింతల దాకా పెంచుకునే సెట్టింగు ఇస్తే మంచిది.

అంతకంటే ముందు అక్షరం సరిగ్గా పడాలి. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులను కలపలేదు. "కర్నూలు" అని రాస్తే తెర మీద "కర్‌నూలు" అని పడుతుంది. గోడో 4, అన్‌రియల్ ఇంజిన్లు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాలను కూర్చుతాయి కాబట్టి వాటిలో ఈ బాధ లేదు. యూనిటీలో కొందరు మాటలను బొమ్మలుగా చేసి అతికిస్తారు. చూడటానికి అందంగానే ఉంటుంది. కానీ ఆ మాట పెద్దది కాదు, రంగు మారదు, టాక్‌బ్యాక్‌కు వినిపించదు. ఒక అడ్డంకి తీయబోయి మూడు పెట్టినట్టు.

రంగుల సంగతి చిన్నదే. ఎరుపు, ఆకుపచ్చ వేరుచేయలేనివారు పురుషుల్లో గణనీయంగా ఉంటారు, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పులికి త్రికోణం, మేకకు గుండ్రం ఇస్తే రంగు అదనపు గుర్తు మాత్రమే అవుతుంది. ఫోన్‌లో తెరను నలుపు తెలుపు చేసి ఒక ఆట ఆడి చూస్తే లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, గేముకూ అదే పాటించాలి. గెలిచినప్పుడు తెర మిలమిల మెరవడం సెకనుకు మూడుసార్లు దాటకూడదు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు నీలం వెలుగులు గబగబా మెరిసి వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. మూర్ఛ ముప్పు ఉన్నట్టు ఆ రోజు దాకా తెలియని పిల్లలూ వాళ్లలో ఉన్నారు. ఇది సౌకర్యం కాదు, ప్రాణ భద్రత.

వినికిడి లేనివారి విషయంలో పులి–మేక కష్టపెట్టదు. మాటలూ చప్పుళ్లూ ఎక్కువున్న గేముల్లో కష్టం. మాట్లాడింది మాత్రమే అక్షరాల్లో వేస్తే సరిపోదు, "అడుగుల చప్పుడు, ఎడమ వైపు" అని చప్పుళ్లనూ వేయాలి. మైన్‌క్రాఫ్ట్ 2016 నుంచి చప్పుడు పేరుతో పాటు అది ఏ దిక్కునుంచి వచ్చిందో బాణం గుర్తుతో చూపిస్తోంది. మనవాళ్లు తరచూ మరిచేది ఇంకొకటుంది. పుట్టుకతో వినికిడి లేని చాలామంది పిల్లలకు సైగల భాషే మొదటి భాష, తెలుగు చదువు రెండో భాష. వారికి వేసే వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక్కసారికి రెండు పంక్తులు దాటకూడదు, నొక్కేదాకా తెర మీద నిలవాలి. ఇది వారికి మాత్రమే పనికొచ్చేది కాదు. యూబీసాఫ్ట్ తన ఒక పెద్ద గేములో సబ్‌టైటిళ్లను మొదటి నుంచే ఆన్‌లో ఉంచితే 95 శాతం మంది వాటిని తీసేయలేదని ఆ సంస్థే చెప్పింది.

వేగమే పరీక్ష అయిన ఆటలు

పులి–మేకలో గడియారం అడ్డంకి. కారు పందెంలో, గెంతులాటలో వేగమే పరీక్ష కదా, అక్కడేం చేస్తారన్నది న్యాయమైన ప్రశ్న. 2018లో వచ్చిన సెలెస్ట్ దీనికి నిజాయితీ గల జవాబిచ్చింది. అది కావాలనే చాలా కష్టంగా చేసిన గేము. అసిస్ట్ మోడ్‌లో ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు. నెమ్మదిగా కదిలే చేతులకు సగం వేగంలో ఎదురయ్యే కష్టం, చురుకైన చేతులకు మామూలు వేగంలో ఎదురయ్యే కష్టంతో సమానమే. పరీక్ష మారలేదు, ప్రశ్నపత్రం చదివే సమయం మారింది. దాన్ని "పిల్లల మోడ్" అని పిలవకపోవడం కూడా ముఖ్యం. అవసరమై వాడుకునేవారిని అలాంటి పేరు నొప్పిస్తుంది.

ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అనే గేము 2020లో 60కి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగులతో వచ్చింది. చూపు లేనివారు ఎవరి సాయమూ లేకుండా దాన్ని పూర్తిచేశారు. 2023లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌లో కారు దారి అంచుకు ఎంత దగ్గరుందో, మలుపు ఎప్పుడు వస్తుందో చప్పుళ్లతో తెలుస్తుంది. ఈ రెండింటికీ చూపులేని సలహాదారు బ్రాండన్ కోల్ తయారీ సాగుతుండగానే పనిచేశారు. అన్నీ అయ్యాక పిలిచి చూపించడానికీ, తయారవుతుండగానే పక్కన కూర్చోబెట్టుకోవడానికీ ఫలితంలో ఉన్న తేడా ఇదే.

డబ్బు, పందెం లేని ఆటల్లో ఈ వెసులుబాట్లకు అభ్యంతరం చెప్పేవారు తక్కువ. ఆన్‌లైన్‌లో నలుగురితో పోటీపడే ఆటల్లోనే చిక్కు. కొన్ని గేములు బయటి కంట్రోలర్‌ను తెర తాకిళ్లుగా మార్చే యాప్‌లను మోసంగా లెక్కించి ఖాతా మూసేస్తాయి. మోసగాడిని ఆపడానికి వేసిన కంచెలో చేతులు లేని మనిషి ఇరుక్కుంటాడు. గేమే తనంతట తాను కంట్రోలర్‌ను అంగీకరిస్తే ఆ యాప్‌ల అవసరమే రాదు. కాబట్టి ఇది ఆడేవారి తప్పు కాదు, తయారుచేసినవారు వదిలేసిన పని.

చట్టం మాటకొస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దృశ్య శ్రవణ మాధ్యమాల్లోని సమాచారం అందరికీ అందేలా చూడటం, అందరికీ పనికొచ్చేలా రూపొందించిన వస్తువుల తయారీని ప్రోత్సహించడం ప్రభుత్వ బాధ్యత అని 42, 43 సెక్షన్లు చెబుతాయి. అమెరికాలో గేముల్లో ఆడేవారు మాట్లాడుకునే చాట్‌ను అందుబాటులో ఉంచాలన్న నిబంధనకు ఇచ్చిన సడలింపు 2018 చివరితో ముగిసింది. మన దగ్గర అంత సూటి నిబంధన లేదు. సదరం సర్టిఫికెట్‌లో ఉండే వైకల్య శాతం పింఛనుకు, రిజర్వేషన్‌కు పనికొస్తుంది గానీ గేము తయారుచేసేవారికి దాంతో ఏమీ తెలియదు. ఒకే శాతం ఉన్న ఇద్దరిలో ఒకరికి బొటనవేలు కదులుతుంది, ఇంకొకరికి మెడ కదులుతుంది. తెలియాల్సింది అదే.

ఆడించి చూడటం

తయారుచేసినవాళ్లే కళ్లు మూసుకుని ఆడటం, ఎడమ చేత్తో ఆడటం, చప్పుడు ఆపేసి ఆడటం మొదటి వడపోతగా మంచివే. పెద్ద తప్పులు దాంతోనే దొరుకుతాయి. కానీ కళ్లు మూసుకున్న మనిషి చూపులేని మనిషితో సమానం కాదు. చూపులేనివారికి ఏళ్ల అలవాటుతో వచ్చిన చెవి నైపుణ్యం ఉంటుంది. మనకు అసాధ్యం అనిపించింది వారికి తేలిక, మనకు తట్టనిది వారికి ఇబ్బంది. అందుకని వైకల్యం ఉన్నవారితోనే ఆడించాలి, వారి సమయానికి డబ్బు ఇవ్వాలి. అనంతపురం ప్రాంతంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు దివ్యాంగ పిల్లల ప్రత్యేక పాఠశాలలున్నాయి. ఇలాంటి సంస్థలను, భవిత కేంద్రాలను ముందుగా సంప్రదించి, తల్లిదండ్రుల ఒప్పుదలతో పోవాలి.

పక్కన కూర్చున్నప్పుడు చూపించకూడదు, చెప్పకూడదు. ఎక్కడ ఆగారో, ఎన్ని సెకన్లు ఆగారో, ఏ నొక్కు అనుకోకుండా పడిందో రాసుకోవాలి. "బాగుందా?" అని అడిగితే పిల్లలు బాగుందనే అంటారు. "ఇప్పుడు ఏ పులిని కదపబోతున్నావు?" అని అడిగితే పటం మనసులో నిలిచిందో లేదో తెలుస్తుంది. నిలవకపోతే లోపం గొంతు చెప్పే వరుసలో ఉంది. ప్రతి ఎత్తుకూ 23 కూడళ్లూ చదివి వినిపించకుండా, మారినదాన్ని మాత్రం చెప్పి, మిగతాది అడిగితే చెప్పాలి.

వేసవిలో కర్నూలు, కడపల్లో మధ్యాహ్నం ఆడించడం మానుకోవాలి. చెమట చుక్క పడితే తెర తనంతట తాను నొక్కుకుంటుంది, అది గేము తప్పో చెమట తప్పో తేల్చలేరు. ఉదయం చక్కగా కదిలిన చేయి సాయంత్రానికి బిగుసుకోవచ్చు, వణుకు పెరగవచ్చు. కాబట్టి స్కానింగ్ వేగం, నొక్కు మధ్య విరామం, అక్షరం సైజు, గొంతు వేగం, అన్నీ కలిపి ఒక పేరుతో దాచుకునే వీలుండాలి. ఒకే మనిషికి రెండు మూడు పేర్లు అవసరమవుతాయి. గేము తెరవగానే ముందు ఆ పేర్లే స్కానింగ్‌లోకి రావాలి, సెట్టింగుల లోపల దాగి ఉంటే అక్కడిదాకా వెళ్లడానికే అలసిపోతారు.